ఊద చావని మడి

2021 సెప్టెంబరు 12, ఆదివారం, ఉదయం ఏడుంపావు. మడిలోని ఊద కలుపు మందుకు చావలేదని మా నాయన పైకి ఒప్పుకున్నది అప్పుడే. గడియతో సహా చెప్పగలగడానికి కారణం, ఆ ఉదయం నేను తీసిన ఫొటో ఇప్పటికీ నా ఫోనులో ఉండడమే. మందు కొట్టిన నాటి నుంచి ఆయన రోజూ మడికి పోయి వచ్చి, "ఇంగా టైముండాది, నిదానంగా మాడుతాది" అని ఇంట్లో చెబుతూ వచ్చాడు. ఆ ఆదివారం నాకు సెలవు. నన్ను వెంటబెట్టుకుని పోయి గట్టు మీద నిలబెట్టి, "నువ్వు చదివినావు కదా, చూసి చెప్పు పాపా. ఇది చస్తాండాదా, బతుకుతాండాదా?" అని అడిగాడు.

చూసి చెప్పడానికి చదువు అక్కరలేదు. మందు వేడికి వరి ఆకుల కొనలు పసుపు తిరిగి ఉన్నాయి. ఊద మాత్రం ముదురు పచ్చగా, కొత్త పిలకలు వేస్తూ, ఆ మందు తన కోసమే కొట్టినట్టు కళకళలాడుతూ ఉంది.

ఊదను ఎరుగనివారి కోసం ఒక మాట చెప్పాలి. అది వరి మడిలో వరిలాగే పెరిగే గడ్డి. లేతగా ఉన్నప్పుడు రెంటినీ వేరు చేయడం కష్టం. ఆకు కాండాన్ని అంటుకునే చోట వరికి సన్నటి పొర ఒకటి ఉంటుంది, ఊదకు ఉండదు. పెరిగిన తరువాత తేడా దూరం నుంచే తెలుస్తుంది: వరికంటె ముందు వెన్ను వేస్తుంది, వరికంటె ఎత్తుగా తల ఎత్తుతుంది, పంట కోతకు రాకముందే తన గింజను నేలలో రాల్చుకుంటుంది. మా ప్రాంతంలో నాట్లు మానేసి వడ్లు నేరుగా మడిలో చల్లడం మొదలైనప్పటి నుంచి ఊదను చంపే బాధ్యతంతా ఒకే రకం మందుకు అప్పగించాము. ప్రతి పంటకూ అదే, ప్రతి మడిలోనూ అదే. దానికి చావని మొక్క ఎక్కడో ఒకటి మిగిలింది. దాని గింజ రాలింది. కొన్ని పంటలు గడిచేసరికి మిగిలినవన్నీ చావనివే అయ్యాయి. ఈ సంగతిని నేను పాఠంగా చదివి, పరీక్షలో రాసి, మంచి మార్కులు తెచ్చుకున్నాను. మా మడిలో జరుగుతున్నప్పుడు అది పాఠంలా కనిపించలేదు.

"మా మడి" అని రాయడం కూడా సరి కాదు. కన్నడ సీమలో సిరిగేరి దగ్గర కాలువ కింద ఉన్న ఆ నాలుగెకరాలు ఊళ్లోని ఒక ఆసామివి. నేను పుట్టక ముందు నుంచి నాయన వాటిని గుత్తకు చేస్తున్నాడు. ప్రతి పంటకూ ఒప్పుకున్న వడ్ల బస్తాలు ఆసామి ఇంటికి చేర్చాలి, మిగిలింది మాది. దీనికి కాగితం లేదు. ఉగాది నాడు నాయన ఆసామి ఇంటికి పోతే, వాళ్లు వేపపువ్వు, బెల్లం కలిపిన బేవు-బెల్ల పెట్టి, చేతిలో ఒక టెంకాయ ఉంచుతారు. టెంకాయ చేతికి వచ్చిందంటే మడి ఇంకొక ఏడాది మా చేతిలో ఉన్నట్టు. మా ఇంట్లో తిండి, గుడ్డ, నా బి.ఎస్సీ., అన్నీ ఆ టెంకాయల మీదనే నడిచాయి. మా వంశంలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. తెక్కలకోటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను.

ఆ సెప్టెంబరులో నాయన, అందరూ చేస్తున్న పనే చేశాడు. మోతాదు పెంచి మళ్లీ కొట్టాడు. మావైపు పురుగు మందును, కలుపు మందును కన్నడంలో లాగే ఎణ్ణె అంటారు. అంగడివాడు కొత్త సీసా ఒకటి తీసి, "ఈ ఎణ్ణె కొట్టినావంటే గడ్డి గాదప్పా, గెనిమె గూడా మాడిపోతాది" అని భరోసా ఇచ్చాడు. మాడింది గడ్డీ కాదు, గట్టూ కాదు, వరి. దీపావళి నాటికి ఊద వెన్నులు పైకి లేచి మడి రంగే మారిపోయింది.

మా అమ్మ దేన్నీ వృథా పోనిచ్చే మనిషి కాదు. పొద్దున్నే కొడవలి తీసుకుని పోయి, వెన్ను వేసిన ఊదను కోసి, మోపు కట్టి నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చేది. మాకు పాలిచ్చే ఎనుములు రెండు ఉండేవి. అవి ఊదను ఇష్టంగా తినేవి. "చావకపోతే మానె. ఎనుములన్నా తింటాయి" అనేది. పక్క మడి రైతు కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి, క్యాంపు అని పిలిచే వలస ఊళ్లో స్థిరపడిన కుటుంబం వాడు. ఆయన మడిలోనూ ఊద మా మడిలో ఉన్నంత ఉంది. అయినా గట్టు మీద అమ్మ కనిపిస్తే ఊరుకునేవాడు కాదు.

"ఏమ్మా, వరి మానేసి ఊదను గుత్తకు తీసుకున్నారా?"

"మీ దాంట్లో ఇంగా మేలుగుండాదన్నా. వరి మీరు తినండి, ఊద మాకియ్యండి" అనేది అమ్మ, మోపు దించకుండానే.

రెండో పంట కూడా అదే తీరున వచ్చింది. 2022 ఉగాదికి ముందు ఆసామి గట్టు వెంట నడిచి చూసి వెళ్లిపోయాడు. పండగ నాడు నాయన ఆయన ఇంటికి పోయినప్పుడు టెంకాయను నాయన చేతిలో పెట్టాడు గాని, తన చెయ్యి వెంటనే తీయలేదు.

"ఇదో చూడప్పా. ఇన్నేండ్ల మొగమాటానికి ఇస్తాండా. వచ్చే ఉగాదికి నా మడిలో ఊద తల ఎత్తి కనిపించిందంటే టెంకాయ లేదు, ఏమీ లేదు. నీ మడిలో వడ్లా, కొర్రలా అని నన్ను జనం అడుగుతాండారు."

"హౌదు సామీ" అని ఒప్పుకున్నాడు నాయన.

నాయన ఇంటికి వచ్చి ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు మాకు చెప్పాడు. ఇరవై ఏళ్లు దాటిన సేద్యం ఒక గడ్డి తల మీద ఆధారపడిందని అర్థం కావడానికి మాకు వేరే వివరణ అవసరం కాలేదు.

మరుసటి వారం నేను వ్యవసాయ కార్యాలయానికి పోయాను. అక్కడి అధికారి మర్యాదస్తుడు. నా ఫోనులోని ఫొటోలన్నీ ఓపికగా చూసి, ఒక పంట వరి ఆపి సోయా వేయమన్నాడు. నీళ్లు నిలవని నేలలో, వేరే రకం మందుతో, ఈ ఊద బలం విరగవచ్చునన్నాడు. "అయితే ఒకటి, మేడమ్. సోయాలో కూడా మందునే నమ్ముకుంటే ఊద దానికీ అలవాటు పడతాది. సాళ్ల మధ్య గుంటక తోలాల, మిగిలింది చేత్తో పీకాల" అని హెచ్చరించాడు. లేచి రాబోతున్నప్పుడు, "మీ ఎరువు యాడిది?" అని అడిగాడు. మా ఎనుముల పేడే అని చెప్పాను. ఆయన తల ఆడించి, "వాన పడినంక దిబ్బను ఒకసారి చూడండి" అన్నాడు.

మే నెలలో మొదటి వాన పడింది. రెండు మూడు రోజుల తరువాత మా పేడదిబ్బ మీద పచ్చటి నూగు లేచింది. ఒక మొలకను వేళ్లతో సహా తీసి ఆకు మొదలు చూశాను. పొర లేదు. వెన్నులోని ఊద గింజ ఎనుము కడుపులో కొంత అరిగినా కొంత అరగకుండా పేడలోకి వచ్చింది. పేడ దిబ్బకు, దిబ్బ నుంచి మడికి చేరింది. మందు దుకాణాల చుట్టూ నాయన తిరుగుతున్న కాలమంతా మడిలో ఊదను మేమే చల్లుతున్నాము. అమ్మ నా చేతిలోని మొలకను చూసింది, దిబ్బను చూసింది.

"అంటే నెత్తిన పెట్టుకుని తెచ్చిందీ నేనే, తట్టలకెత్తి చల్లిందీ నేనేనా?"

అమ్మ ఆ మొలకను నా చేతిలో నుంచి తీసుకుని ఎనుముల ముందు వేయబోయి, ఆగి, పొయ్యిలో వేసింది.

దిబ్బను తిరగవేసి, నల్ల ప్లాస్టిక్ పట్టా కప్పి, లోపలి వేడికి గింజ చచ్చేదాకా ఉంచాము. ఆ ఏడు మడికి పేడ పోలేదు. ఇక మిగిలింది సోయా. నాయన నన్ను వెంటబెట్టుకుని ఆసామి దగ్గరకు పోయాడు. కన్నడ పత్రిక చదువుకుంటున్న ఆసామి మా మాట పూర్తిగా విన్నాడు.

"సోయానా? బస్తాలు సోయావి ఇస్తావా నాకు? నేనేమి సోయా బువ్వ వండుకొని తినాల్నా?"

"వడ్లు కొని ఇస్తా సామీ, లెక్క తక్కువ కానీను."

"కొన్న వడ్లు ఎవరి మడివో యారికి గొత్తు, ఎవరికి తెలుసు? నా ఇంట్లో నా మడి బియ్యమే ఉడకాల. మా నాయన కాలం నుంచీ అంతే."

మావైపు కాలువ కింద భూమి ఉన్నవాళ్లు చాలామంది ఇలాగే అంటారు. పై ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలకు "ఇది మా మడి బియ్యం" అని చెప్పి వడ్డించడం వాళ్లకు గొప్ప. ఆ గొప్ప కోసం ఒక్క పంట మారలేదు. పంట మారి ఉంటే గుంటక చేసే పనిలో చాలా భాగం మా అమ్మ మోకాళ్లు చేయవలసి వచ్చింది. ఇది నేను కోపంతో రాస్తున్న మాట కాదు, జరిగిన సంగతి.

జూలైలో కాలువకు నీళ్లు రాగానే ఊరంతా మడులు దున్ని వడ్లు చల్లుకుంటుంటే, మేము ఖాళీ మడికి నీళ్లు పారించి కూర్చున్నాము. నేలలోని ఊద గింజ మొలవాలి. మొలిచిన తరువాత ఇనుప చక్రాల ట్రాక్టరుతో అడుసులో కలిపి దున్నించాము. మళ్లీ నీళ్లు పెట్టి, మళ్లీ మొలిపించి, మళ్లీ దున్నించాము. పక్క మడి రైతు గట్టు మీద నిలబడి నోరు నొక్కుకున్నాడు.

"నీళ్లు పెట్టి మరీ గడ్డి పెంచడం మా తాత కాలంలో కూడా చూడలేదండీ. మీ అమ్మాయి చెప్పిందా?"

"చెప్పిందన్నా. చదివిచ్చినందుకు వినాల్నే కదా" అన్నాడు నాయన. ఆ మాటలో వెటకారం ఎంత, నమ్మకం ఎంత అన్నది నేను ఆయనను ఎన్నడూ అడగలేదు.

చల్లడం మాని నారు పోసి నాట్లు వేశాము. వరుసలో లేనిది వరి కాదని తెలిసిపోతుంది కాబట్టి పీకడం సులభం. కాలువ నుంచి మడిలోకి నీళ్లు దిగే చోట పాత దోమతెరను నాలుగు మడతలు వేసి కట్టాము. పై మడుల నుంచి కొట్టుకువచ్చే గింజ దానిలో పడేది, నాయన రోజూ దులిపి కాల్చేవాడు. నాటు పడిన తరువాత అమ్మ, నాయన, సెలవు రోజుల్లో నేను, మడిలో దిగి ఊదను వెన్ను వేయకముందే వేళ్లతో పీకాము. కలుపు తీసే కూలీల గుంపులు మా ఊళ్లో ఇప్పుడు లేవు. మందులు వచ్చాక ఆ ఆడవాళ్లకు పని లేక, రూపనగుడి వైపు మిరప కోతలకు, బెంగళూరు కట్టడాలకు పోయారు. వాళ్లలో కొందరికి ఫోను చేస్తే నవ్వారు. "అక్కా, అడుసులో దిగడం మరిచిపోయినాం. ఈడ సిమెంటులో దిగుతాండాము" అన్నది ఒకామె.

అమ్మకు అడుసులో వంగితే నడుము లేచేది కాదు. గట్టు చేరినప్పుడు నాయన చెయ్యి ఇచ్చి పైకి లాగేవాడు. ఒకసారి నేను, ఇక చాలు, మిగిలింది వచ్చే ఆదివారం నేను తీస్తానన్నాను.

"ఆదివారం దాకా వెన్ను వేయొద్దని ఊదకు నువ్వు చెప్పొస్తావా?" అని మళ్లీ దిగింది.

కోతకు మిషను వచ్చింది. అది ఊరంతా తిరిగి, ప్రతి మడి గింజనూ కడుపులో పెట్టుకుని మా గట్టు దగ్గరకు వచ్చింది. డ్రైవరు టెంకాయ కొట్టమని చేయి చాపాడు. అమ్మ చీపురు, నీళ్ల బిందె తీసుకుని అడ్డం నిలబడింది.

"టెంకాయ తర్వాత కొడతాము. ముందర దీన్ని కడుగు."

"మిషనుకు స్నానమా అత్తా? సబ్బు గూడా తెచ్చినారా?"

"తెస్తా. నీకు గూడా మిగుల్తాది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. డ్రైవరు కూడా నవ్వి, జల్లెడలు విప్పి దులిపాడు. దులిపితే రాలిన దానిలో సగం ఊద గింజే.

రెండో పంట నాటికి మడిలో ఊద కోసం వెదకవలసి వచ్చింది. గట్టుకు ఆవల పక్కవారి మడిలో వెన్నులు వరుసగా తల ఎత్తి ఉన్నాయి. మా వైపు వరి ఒకటే ఎత్తులో, దువ్వినట్టు ఉంది. నేను ఫొటోలు తీసి ఆ అధికారికి పంపాను. ఆయన స్వయంగా వచ్చి చూసి చాలా సంతోషించాడు. మార్చి మొదట్లో ఆ మడి గట్టునే క్షేత్రోత్సవం పెట్టాలన్నాడు. ఊళ్ల నుంచి రైతులను పిలిచి, మందుకు చావని ఊదను ఎలా అదుపు చేయాలో చూపించే కార్యక్రమం అది.

షామియానా వేశారు. మైకు పెట్టారు. కన్నడంలో కార్యక్రమం నడిపించమని నన్ను అడిగారు. సన్మానం పొందే రైతు పేరు రాసిన చీటీ నా చేతికి ఇచ్చారు. ఆ పేరు ఆసామిది. నేను అధికారిని పక్కకు పిలిచి అడిగాను. ఆయన నిజంగానే ఇబ్బంది పడ్డాడు.

"పహణిలో ఎవరి పేరుంటే వాళ్లకే మేడమ్. మేము పైకి ఫొటో, పహణి రెండూ పంపాల. గుత్తదారునికి కాగితం లేదు కదా?"

పహణి అంటే భూమి ఎవరిదో చెప్పే సర్కారు పత్రం. దానిలో మా పేరు ఎన్నడూ లేదు. ఆ ఉదయం మైకులో నేను ఆసామి పేరు చదివి, ముందు "ప్రగతిపర రైతరు", అంటే అభ్యుదయ రైతు, అని చేర్చి, వేదిక మీదికి పిలిచాను. శాలువా కప్పారు, పండ్ల బుట్ట ఇచ్చారు. ఆసామి మైకు తీసుకుని, రైతు అనేవాడు మడిని బిడ్డలా చూసుకోవాలని, ఒక్క ఊద కూడా మిగలకుండా దగ్గరుండి పీకించానని చెప్పాడు. చివరలో, "మా మనిషి గూడా శానా కష్టపడినాడు" అని చెయ్యి చూపాడు. జనం తిరిగి చూసేసరికి నాయన అక్కడ లేడు. కుర్చీలు చాలలేదని ఎవరో కేకేస్తే తేవడానికి పోయాడు.

అమ్మ ఆడవాళ్ల వరుసలో వెనక కూర్చుని ఉంది. ఇంటికి వచ్చాక, "శాలువా బాగుండాది. చలికాలం పోయినంక ఇచ్చినారు పాపం" అన్నది.

ఆ సభకు వచ్చిన వాళ్లందరూ మడిని చూసి పోయారు. పండగకు కొద్ది రోజుల ముందు పక్క మడి రైతు మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఇదుగో అబ్బాయ్, నేను చాటుగా చేసే మనిషిని కాను. నాకు విత్తనపు వడ్లు పండించే పని ఒకటి వచ్చింది. దానికి ఊద లేని మడి కావాలి. నా మడి సంగతి నీకు తెలుసు. మీ ఆసామిని అడిగాను. నువ్విచ్చే దానికంటే బస్తాలు ఎక్కువ ఇస్తానన్నాను. నేను కాకపోతే రేపు ఇంకొకరు అడుగుతారు."

"అడుగుతారన్నా. మడి బాగుండాది కదా మరి" అన్నాడు నాయన. అమ్మ ఆయనకు టీ ఇచ్చింది.

2023 ఉగాది నాడు నాయనతో పాటు నేనూ ఆసామి ఇంటికి పోయాను. వాళ్ల ఇల్లాలు ఇద్దరికీ బేవు-బెల్ల పెట్టింది. ఆసామి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. టెంకాయల పళ్లెం పక్కనే ఉంది.

"మడి శుద్ధం చేసినాం సామీ" అన్నాడు నాయన.

"చేసినావు. నేను లేదంటినా? శుద్ధమైంది కాబట్టే కదప్పా అడిగేవాళ్లు వస్తాండారు. ముందర దీన్ని ఎవరు అడిగినారు? వాళ్లిచ్చే బస్తాలు నువ్వూ ఇయ్యి, నీకే ఇస్తా."

అన్ని బస్తాలు ఇస్తే మాకు తినడానికి మిగలదని ఆయనకు తెలుసు. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను చదువుకున్న దానిలా, ఎంతో జాగ్రత్తగా, ఒక్క మాట అడిగాను.

"ఊద తల కనిపిస్తే టెంకాయ లేదని పోయిన ఉగాదికి చెప్పినారు. ఈ ఏడు కనిపించలేదు కదా సార్?"

ఆసామికి కోపం రాలేదు. నవ్వి, ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"కనిపిస్తే ఇయ్యనంటి. కనిపించకపోతే ఇస్తానంటినా పాపా?"

నాయన నా భుజం తట్టి, "పోదాం పా" అన్నాడు.

ఆ ఉగాది తరువాత ఆ నాలుగెకరాలు మా చేతిలో లేవు, పక్క మడి రైతు చేస్తున్నాడు. గడ్డి లేక ఎనుములను అమ్మేశాము. నాయన ఇప్పుడు వీపున పంపు వేసుకుని ఇతరుల మడులకు కలుపు మందు కొట్టే కూలికి పోతున్నాడు. చాలా మడుల్లో ఊద చావడం లేదు, అయినా ఆయనను పిలుస్తూనే ఉన్నారు. మోకాళ్లు వంగక అమ్మ నేల మీద కూర్చోలేకపోతోంది. వంట నిలబడి చేస్తుంది. ఇల్లు నా జీతంతో నడుస్తోంది. వ్యవసాయ కార్యాలయానికి నేను మళ్లీ పోలేదు. ఆ మడి ఇప్పటికీ శుభ్రంగానే ఉంది.